నాలుగు ఒకట్లు

నలభైని మూళ్ల లెక్కలో రాస్తే నాలుగు ఒకట్లు వస్తాయి: 1111. ఈ సంగతి తెలియనందువల్ల ఎవరి బతుకూ ఆగిపోలేదు. నేను మాత్రం పోయిన వానాకాలం నుంచి ఈ నాలుగు ఒకట్ల కోసం ఆదివారం ఆదివారం జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగుతున్నాను.

జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను. పిల్లలు నిద్రపోవడానికి వీలుగా మెల్లగా చెప్తానని నాకు మంచి పేరుంది. మా అక్కను మహబూబాబాద్‌లో ఇచ్చాం. బావ మిర్చి కొని అమ్ముతాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ భూపాలపల్లి దారిలో ఘనపూర్‌లో ఉంటుంది. మేం ముగ్గురం మూడు జిల్లాల్లో స్థిరపడ్డాం. ఒకరి మీద ఒకరికి ప్రేమ తగ్గకుండా ఉండడానికి ఇదొక పద్ధతి.

వానాకాలం మొదట్లో అక్కకు పేగు ఒకచోట ఇరుకైందని వరంగల్ దవాఖానలో తేల్చారు. తిన్నది సాగదు, సాగింది ఒంటికి పట్టదు. కోసి సరిచేయాలి. అయితే ఆ కోతకు తట్టుకునే బలం ఆమెలో లేదు. డాక్టర్ మందులు రాసి, "నలభై కిలోలకు రానివ్వండి. అంతకు తక్కువుంటే నేను కత్తి పట్టను" అన్నాడు. ఎంతకాలం ఆగవచ్చని అడిగాను. ఇరుకు పూర్తిగా మూసుకుపోయేలోపు అన్నాడు. అదెప్పుడు మూసుకుంటుందని అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. పరీక్షలో ఏమొస్తుందని అడిగే పిల్లల వైపు నేను కూడా అలాగే చూస్తాను.

అప్పటికి అక్క ముప్పై అయిదు కిలోలు.

బావ ముందు బరువు చూసే చిన్న మిషన్ కొన్నాడు. వాళ్ల ఇంట్లో నేలంతా షాబాద్ బండలు, ఒక బండకూ ఇంకో బండకూ పొత్తు లేదు. మిషన్‌ను వంటింట్లో పెడితే ఒక బరువు, వసారాలో పెడితే ఇంకో బరువు. ఎక్కువ చూపించిన చోట అక్క నిలబడేది, తక్కువ చూపించిన చోట బావ దిగులుపడేవాడు.

"గా మిషన్‌కు నన్ను జూస్తె భయమైతున్నది తమ్మీ, ఒక్క మాట మీద నిలవడతలేదు" అన్నది అక్క.

"మనింట్ల ఇంకెవరు నిలవడ్డరు ఒక్క మాట మీద?" అన్నాడు బావ.

అప్పుడే బావకు కొట్టంలో మూలకు పడి ఉన్న పాత కాంటా గుర్తుకొచ్చింది. వాళ్ల నాయిన కాలంలో మిర్చి బస్తాలు తూచిన కాంటా అది. దూలానికి వేలాడే ఇనుప కాడి, రెండు వైపులా గొలుసులకు కట్టిన రెండు చెక్క పీటలు. కాంటా అబద్ధమాడదని బావ నమ్మకం. ఆడించేది పక్కన నిలబడ్డ మనిషని ఆయనే చాలాసార్లు చెప్పాడు. కాంటా అయితే ఉంది, రాళ్లు లేవు. ఎప్పుడో పాత ఇనుము కింద పోయాయి.

రాళ్లు నా దగ్గర ఉన్నాయి. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, నిద్ర రాకుండా చెప్తాను.

మనం మామూలుగా రాసే సంఖ్యల్లో ఒకట్లు, పదులు, వందలు ఉంటాయి. మూళ్ల లెక్కలో వాటి బదులు ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు ఉంటాయి. సున్నా, ఒకటి, రెండు అన్న మూడు అంకెలతోనే పని జరిగిపోతుంది. ముప్పై అయిదంటే ఒక ఇరవై ఏడు, తొమ్మిదులు లేవు, రెండు మూళ్లు, రెండు ఒకట్లు: 1022. రెండు అనే అంకె కూడా అక్కర్లేకుండా చేయవచ్చు. దుకాణంలో తొమ్మిది రూపాయల వస్తువుకు పది ఇచ్చి రూపాయి వెనక్కి తీసుకున్నట్టు, కాంటాలో ఒక పెద్ద రాయి వేసి, ఎక్కువైనంత చిన్న రాయిని సరుకు వైపే పెట్టాలి. అలా ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు కిలోల రాళ్లు నాలుగే నాలుగు ఉంటే, ఒకటి నుంచి నలభై దాకా ఏ బరువునైనా తూచవచ్చు. దీన్ని పిల్లలకు కళ్లారా చూపిద్దామని అంతకుముందు ఏడాది జనగామలో వెల్డింగ్ షాపు అతనితో నాలుగు రాళ్లు చేయించాను. ఇనుప పైపు ముక్కల్లో తుక్కు, సిమెంటు నింపి, కిరాణా దుకాణంలో తూచి ఇచ్చాడు. క్లాసులో చూపించిన రోజు వెనక బెంచీలో ఒకడు లేచి, "సార్, నలభై ఒకటైతే ఎట్ల సార్?" అని అడిగాడు. ఇంకో రాయి కావాలి, అది ఎనభై ఒక్క కిలోలుంటుందని చెప్పాను. ఒక్క కిలో కోసం ఎనభై ఒక్క కిలోలా అని క్లాసంతా నవ్వింది. నా ఉద్యోగంలో క్లాసంతా మేలుకుని ఉన్న రోజు అదొక్కటే.

ఆ రాళ్లను రైల్లో తీసుకెళ్లాను. ఇరవై ఏడు కిలోల రాయిని సంచిలో పెట్టి సీటు కిందికి తోస్తుంటే ఎదురుగా కూర్చున్న ముసలాయన, "ఏమున్నయి సారూ గండ్ల?" అని అడిగాడు. లెక్కలు అన్నాను. పాపం, తలుపు దగ్గరి సీటుకు మారిపోయాడు.

మొదటి తూకం ముప్పై అయిదు. అక్క ఒక పీట మీద ఉయ్యాలలో కూర్చున్నట్టు గొలుసులు పట్టుకుని కూర్చుంది. ఇంకో పీట మీద ఇరవై ఏడు, తొమ్మిది పెట్టాను. ముప్పై ఆరయింది, ఒకటి ఎక్కువ. కిలో రాయి తీసి అక్క ఒడిలో పెట్టాను. కాడి నిలబడింది. పావులు, అరలు వదిలేశాం. పూర్ణసంఖ్యలంటే నాకు మొదటి నుంచీ మర్యాద ఎక్కువ. సుద్దముక్కతో కొట్టం తలుపు మీద రాశాను.

తర్వాతి ఆదివారం ముప్పై నాలుగు. కిలో రాయి పెద్ద రాళ్ల పక్కకు పోయింది, మూడు కిలోల రాయి అక్క ఒడిలోకి వచ్చింది. నాలుగు రాళ్లూ వాడకంలోకి వచ్చాయి. నలభైకీ ఆ నాలుగు రాళ్లే కావాలి. ముప్పై నాలుగుకూ నలభైకీ మధ్య తేడా ఒక్క రాయి ఏ పక్కన ఉందన్నదే. ఇది అందమైన విషయమే. క్లాసులో చెప్పి ఉంటే మెచ్చుకునేవారు. బావ మెచ్చుకోలేదు.

"తగ్గిందా?" అని మాత్రం అడిగాడు.

"తగ్గింది."

"గంత రైలు కిరాయి వెట్టుకొని వచ్చి గదేనా చెప్పేది?"

బావ అన్నది నిజమే. డాక్టర్ మందులు రాశాడు, బావ తెచ్చాడు, ఘనపూర్ నుంచి అవ్వ ఫోన్లో ఏది వండాలో చెప్పింది. అక్క తిన్నంత తిన్నది, తిన్నదాంట్లో కొంత కక్కుకున్నది. ఈ మొత్తం వ్యవహారంలో నా వంతు, వచ్చిన సంఖ్యను ఇంకో పద్ధతిలో రాయడం. చేతకాని మనిషికి కూడా ఏదో ఒక పని ఉండాలి కదా. నాకున్న పని అది. మూడు, తొమ్మిది, ఇరవై ఏడు అన్నీ బేసి సంఖ్యలే కాబట్టి, కాంటా మీద వాడిన రాళ్లు సరిసంఖ్యలో ఉంటే బరువూ సరిసంఖ్యే అవుతుంది. చివర సున్నా ఉంటే మూడుతో భాగించబడుతుంది. ఈ ముక్కలు నేను అక్కకు చెప్పేవాణ్ణి. ఆమె శ్రద్ధగా వినేది. ఆమె డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా పెళ్లి చేశాం. లెక్కల్లో నాకంటే తెలివైనదని మా ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఆ మాట ఎత్తరు.

"అయితే తమ్మీ, నేను నలభై ఒకటైతే నీ దగ్గర రాయి లేదన్నట్టు" అన్నది ఒకసారి.

"లేదు."

"ఎనభై ఒకటి కిలోల రాయి జేపిచ్చి పెట్టుకోరాదు?"

"రైల్ల ఎట్ల తెస్త అక్కా?"

"నువ్వు తేవాలె, నేను జూడాలె" అని నవ్వింది. నవ్వితే కాంటా ఊగింది. ఊగినంతసేపు లెక్క రాదు కాబట్టి ఆగాం.

నాకప్పటి నుంచి అదే కోరిక. నా రాళ్లు చాలని రోజు రావాలి.

మందులు పట్టాయో, అవ్వ చెప్పిన జొన్న గటక పట్టిందో, దసరా నాటికి ముప్పై ఆరైంది. తర్వాత ముప్పై ఏడు. ముప్పై ఏడంటే 1101. ఇరవై ఏడు, తొమ్మిది, ఒకటి అన్నీ ఒకే పక్క. అక్క ఒడి ఖాళీ. మూడు కిలోల రాయి ఒక్కటి నేల మీద పనిలేకుండా ఉంది. అది ఎక్కితే నలభై.

అప్పుడే అవ్వ వచ్చి నా రాళ్లను మొదటిసారి చూసింది. అంతకుముందు తూకాల్లో రాళ్లు అక్క ఒడిలో పెట్టేవాళ్లమని బావ నోరు జారాడు.

"ఏందిరా కొడుకా గిది? పెండ్లైన ఆడివిల్ల ఒడిల రాళ్లు వెడ్తవా?"

"తూకానికి అవ్వా."

"తూకానికైతె? బియ్యం వొయ్యాల్సిన ఒడిల రాయి వెడితె దానికి ఎట్ల పట్టుకుంటదిరా తిండి? సదువుకున్నోనివి, గా మాత్రం తెల్వదా?"

పేగు ఇరుకుకూ, ఒడిలో రాయికీ సంబంధం లేదని చెప్పడానికి నోరు తెరిచాను. బావ వద్దని సైగ చేశాడు. ఆయన అవ్వకు అల్లుడై చాలా ఏళ్లయింది, అనుభవముంది. అవ్వ అంతటితో ఆగలేదు. బిడ్డకు నయమైతే జాతరలో నిలువెత్తు బెల్లం, అంటే ఆమె ఎంత బరువుంటే అంత, తూచి ఇస్తానని అడవిలోని అమ్మవార్లకు మొక్కింది. మా దగ్గర ఆ బెల్లాన్ని బంగారమంటారు.

"ఇప్పుడే మొక్కు తీర్పియ్యి అవ్వా, అగ్గువల వోతది" అన్నది అక్క. "నయమైనంక తూస్తె మనకు లుక్సాన్."

అవ్వ నవ్వలేదు. లేచి వంటింట్లోకి పోయింది.

తర్వాత పరీక్ష పేపర్లు దిద్దే పని పడి కొన్ని వారాలు నేను పోలేదు. మళ్లీ పోయేసరికి చలికాలం వచ్చింది. పొద్దున్నే రైలు దిగి ఇంటికి పోతే అవ్వ కూడా ఉంది, ముందురోజే ఘనపూర్ నుంచి వచ్చిందట. అక్క అప్పుడే పక్కింట్లోంచి నడిచి వస్తోంది. మీదంతా శాలువా కప్పుకుంది. మొహం మీద పసుపు, నుదుట పెద్ద బొట్టు. చాలా రోజుల తర్వాత మనిషి కొంచెం నిండుగా కనిపించింది. నాకు సంతోషమైంది. ఎందుకు నిండుగా ఉందని అడగలేదు. సంతోషమైనప్పుడు మనిషి కారణాలు అడగడు.

"ముందు కాంటా ఎక్కు అక్కా" అన్నాను.

అక్క గడప దగ్గర ఆగి అవ్వ వైపు చూసింది. అవ్వ, "ఎక్కు బిడ్డా, ఎక్కి లోపలికి వోదువు" అన్నది. ఎక్కింది.

ఇరవై ఏడు, తొమ్మిది, ఒకటి పెట్టాను. అక్క పీట కిందికే ఉంది. నేల మీద పనిలేకుండా ఉన్న మూడు కిలోల రాయి తీసి పెట్టాను. కాడి మెల్లగా లేచి, రెండుసార్లు తల ఆడించి, నిలబడింది. ఒడిలో రాయి లేదు. నాలుగు రాళ్లూ ఒకే పక్క.

తలుపు మీద 1111 అని రాశాను. పెద్దగా రాశాను. బావ కొట్టం బయటికి పోయి, మిర్చి ఘాటు అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ఆ కొట్టంలో మిర్చి ఉండి రెండేళ్లయింది.

మరునాడు బట్టల సంచి, చెంబు, దుప్పటి, రిపోర్టులు సర్దుకుని వరంగల్ పోయాం. నేను కాలేజీకి సెలవు పెట్టాను. దవాఖానలో మాది యాభై మూడో టోకెన్. ఊరికే కూర్చోలేక దాన్ని మూళ్ల లెక్కలోకి మార్చాను: 1222. మా వెనకాయనది యాభై నాలుగు: 2000. ఒక్కటి కలిస్తే ఆ రెండ్లన్నీ పోయి శుభ్రమైపోతుంది. టోకెన్ మార్చుకుందామా అని అడగాలనిపించింది. ఆయనకు కాలికి కట్టు ఉంది, ఆయన బాధలో ఆయన ఉన్నాడు.

నర్సు అక్కను మిషన్ ఎక్కించింది. ముప్పై ఏడు.

దింపి మళ్లీ ఎక్కించమన్నాను. ముప్పై ఏడు. చెప్పులు వేసుకుని ఎక్కితే కొంచెం పెరుగుతుందేమోనని బావ అన్నాడు. నర్సు అప్పటికే చీటీ మీద రాసేసింది.

డాక్టర్ అడిగాడు, "ఇంట్లో నలభై వచ్చిందన్నారు. దేని మీద చూశారు?"

"కాంటా మీద" అన్నాడు బావ.

"ఏ కాంటా?"

"మిర్చి కాంటా సార్."

డాక్టర్ నవ్వకుండా రిపోర్టులు మడిచి బావ చేతికిచ్చాడు. మంచివాడు. తర్వాత, "నలభై వచ్చాక రండి. వస్తుంది. కానీ త్వరగా రావాలి" అన్నాడు. వస్తుందన్న మాట అక్కకు చెప్పాడు, త్వరగా అన్న మాట నా వైపు చూసి చెప్పాడు. త్వరగా తేవడానికి నేనేదో చేయగలనని ఆయన అనుకున్నట్టుంది. నా వేషం అలాంటిది, కళ్లద్దాలు, జేబులో పెన్ను.

తిరుగు దారిలో ఆటో ఎక్కాం. రాళ్లలో సిమెంటు రాలిందా, కాడి వంగిందా అని నేను ఆలోచిస్తున్నాను. రైల్వే స్టేషన్ దగ్గరపడ్డాక అక్క మెల్లగా అన్నది:

"తమ్మీ, నువ్వు బియ్యం తీసేసి లెక్క వెట్టినవు గదా?"

"ఏ బియ్యం?"

అక్క నా వైపు చూసింది. నేను బావ వైపు చూశాను. బావ ఆటో అద్దంలోకి చూశాడు.

అప్పుడు తెలిసింది. ముందురోజు పొద్దున నేను రాకముందే అవ్వ అక్కకు ఒడిబియ్యం పోసింది. ఒడిబియ్యం పుట్టింట్లో పోయాలి. అక్క ఘనపూర్ దాకా ప్రయాణం చేయలేదు కాబట్టి, అవ్వ పక్కింటి వాళ్లను అడిగి ఒక పూటకు వాళ్ల వంటిల్లును పుట్టిల్లు చేసేసింది. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ అన్నీ అక్క చీర కొంగులో పోసి నడుముకు కట్టి పంపింది. ఆ ముడి అత్తింట్లో దేవుడి ముందుకు పోయేదాకా విప్పకూడదు. దారిలో నేను ఎదురై కాంటా ఎక్కమన్నాను. పైన శాలువా.

"నువ్వు లెక్కల సారువు గదా, ఎట్లనన్న తీసేస్తవు అనుకున్న" అన్నది అక్క. "మీ బావ మొకం జూసినంక చెప్పబుద్ధి గాలె."

బావ అప్పుడు నోరు విప్పాడు. "మీ అవ్వ ఫోన్ జేసినప్పుడు చెప్పింది నాకు, ఒడి నింపుత అని. తూకంనాడే నింపుతదని నాకెట్ల తెలుసు?"

ఇంటికి పోయి అవ్వను అడిగాను. ఆమె బియ్యం చెరుగుతోంది. జరిగింది విన్నది. తలెత్తలేదు.

"ఒడిల వోసినంక గవి దాని బియ్యమే గదరా. దాని బియ్యం దాన్నుంచి తీసి ఎట్ల తూస్తరు?"

నా దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబు ముడి విప్పిన బియ్యాన్ని కాంటా మీద పెట్టడం. పెట్టాను. కుడుకలు, ఖర్జూరాలతో సహా సరిగ్గా మూడు కిలోల రాయికి తూగింది. 1111లోంచి మూడు తీసేస్తే మూళ్ల స్థానంలో ఒక్క అంకె సున్నా అవుతుంది, మిగతావి కదలవు. కడుపులో కన్నం పడ్డట్టు మధ్యలో ఒక్క సున్నా. తలుపు మీద నేను రాసిన మూడో ఒకటిని వేలితో తుడిచి సున్నా పెట్టాను. దసరా తర్వాత ముప్పై ఏడు వచ్చినప్పటి నుంచి అన్ని వారాల మందులకు, గటకకు అక్క ఒక్క కిలో కూడా పెరగలేదని అప్పుడు అందరికీ ఒకేసారి అర్థమైంది. అవ్వకు కూడా అర్థమైంది. చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కే ముందు మాట్లాడింది.

"ఏంది అందరు గట్ల గూసున్నరు? మూడు కిలోలు బయట ఉన్నయి, లోపలికి వోవాలె. గంతే గదా పని."

ఒడిబియ్యం ఎటూ వండుకుని తినాల్సిందే, వృథా చేయకూడదు. అవ్వ ఆ రోజే కొన్ని వండింది. మెత్తగా, జావలాగా వండింది. అక్క ముందు పళ్లెం పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ఎవరైనా తింటుంటే చూడకూడదంటారు. మేం చూశాం. నాలుగు ముద్దలు తిన్నది. అయిదో ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. బావ, "జర" అన్నాడు. అక్క ఆ ముద్దను పళ్లెంలో పెట్టేసి, "రేపు" అన్నది.

ఆ తర్వాత ఆదివారాలు ముప్పై ఏడు, ముప్పై ఆరు, మళ్లీ ముప్పై ఏడు. తలుపు మీద సుద్దముక్క రాతలకు చోటు తగ్గింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే తీసుకురండి అనడు, వద్దు అనడు, ఎంత అని అడుగుతాడు. నేను చెప్తాను, మామూలు లెక్కలోనే.

నిన్న ముప్పై ఎనిమిది వచ్చింది. ముప్పై ఎనిమిదికి ఇరవై ఏడు, తొమ్మిది, మూడు ఒక పక్క. ఎక్కువైన ఒక కిలోను అక్క ఒడిలో పెట్టాలి. అవ్వ పక్కనే ఉంది. రాయి చేతిలో పట్టుకుని ఆగాను. ఆమె నా చేతిలోంచి రాయి తీసుకుని, పసుపు గుడ్డలో చుట్టి, తనే అక్క ఒడిలో పెట్టింది. కాడి నిలబడింది.

"బరువుందా బిడ్డా?" అని అడిగింది.

"కిలోనే అవ్వా."

ఆ రాయి అక్క ఒడిలోంచి నేల మీదికి దిగితే ముప్పై తొమ్మిది. నేల మీది నుంచి అవతలి పీట ఎక్కితే నలభై. దూరం నాలుగడుగులు కూడా ఉండదు. అటు నుంచి ఇటు తేవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను, ఇరవై ఏడు కిలోలనే రైల్లో మోసుకొచ్చినవాణ్ణి. అయితే ముందు అక్క కూర్చున్న పీట ఆమె బరువుకు కిందికి దిగాలి. అప్పుడు గానీ నేను రాయి ముట్టుకోకూడదు.